యువమృతుల కవి నూర్డాల్ గ్రీగ్

1943వ సంవత్సరము డిసెంబరు 2వ తేది సాయంకాలమున ఇంగ్లండునందలి లింకన్‌షైరు సీమలోని బిన్‌బ్రూక్ విమానాశ్రయమునుండి, ఆస్ట్రేలియా వాయుసేనకు చెందిన 460వ దళము 25 లాంకాస్టరు విమానములను బెర్లిన్ నగరముపైకి పంపెను. వానిలో 5 తిరిగి రాలేదు. రానివానిలో నొకదానియందు ఏడుగురు సిబ్బందితోపాటు ఎనిమిదవవా డొకడుండెను. అతడు విమానము నడుపువాడు కాడు, బాంబు విడుచువాడు కాడు, తుపాకి కాచువాడును కాడు. చూచి వచ్చి వ్రాయుటకై వెళ్లినవాడు. నార్వే దేశపు కవి, నాటకకర్త, ప్రవాసమందున్న ఆ దేశపు సైన్యమున కాప్టెను, నూర్డాల్ గ్రీగ్. అప్పటికి అతని వయస్సు 41 సంవత్సరములు.

గ్రీగ్ కవిత్వమును విచారించువారు ఈ మరణమును జీవితచరిత్ర చివర నొక పంక్తిగా వ్రాసి విడుచుట కలదు. అది చాలదు. ఏలయన, చావును గూర్చి, అందును చిన్నవయస్సున కలుగు చావును గూర్చి, ఇతడు జీవితమంతయు ఆలోచించిన కవి. ఆ ఆలోచన యంతయు ఆ రాత్రి విమానముతో కలిసి ఒక చిక్కుముడిలో పడినది. దేశముకొరకు ప్రాణమిచ్చిన వీరకవియని కొనియాడి ఆ ముడిని దాటిపోవచ్చును. శాంతిని పాడిన కవి పట్టణములను కాల్చు యంత్రమున కూర్చుండి చచ్చెను గనుక అతని పాట బూటకమని త్రోసివేయవచ్చును. రెండును సులభములే. రెండింటికిని అతని గ్రంథములను విప్పి చూడవలసిన యవసరము లేదు. అదియే ఆ రెండింటిలోని లోపము.

గ్రీగ్ 1902లో బెర్గెన్ రేవుపట్టణమున జన్మించెను. పందొమ్మిదేండ్లైనను నిండకమునుపే సరకు ఓడలో కళాసిగా చేరి ఆస్ట్రేలియావరకు పోయి వచ్చెను. ఆ యనుభవమే మొదటి పద్యసంపుటికిని, 1924లో వెలువడిన ‘ఓడ సాగుచున్నది’ యను నవలకును మూలము. పిమ్మట ఆక్స్‌ఫర్డులో చదువు, పత్రికారచన, చైనా ప్రయాణము, 1932 మొదలు రెండేండ్లు మాస్కోలో నివాసము. 1935నాటి ‘మా కీర్తి, మా బలము’ అను నాటకమున మొదటి ప్రపంచయుద్ధకాలపు బెర్గెన్ ఓడల యజమానులు లాభములు లెక్కించుకొనుచుండగా కళాసులు సముద్రమున మునుగుటను రంగస్థలముపై ప్రక్కప్రక్కల నిలిపెను. పారిస్ కమ్యూనును గూర్చిన ‘పరాజయము’ 1937లోనిది. దానికి ప్రతిగానే బ్రెహ్ట్ తన ‘కమ్యూను దినములు’ నాటకమును వ్రాసెను. ఇక 1938నాటి నవలలో స్టాలిను జరిపించిన మాస్కో విచారణలను గ్రీగ్ సమర్థించుట అతని కీర్తికి తీరని మచ్చ. ఒక ధర్మముపై విశ్వాసము కుదిరినచో, ఆ ధర్మము పేర జరుగు హింసను కన్నులార చూడలేని బలహీనత ఇతనియందుండెననుటకు ఆ నవల సాక్ష్యము. ఈ మాట ముందు కొరకు గుర్తుంచుకొనవలసినది.

విమర్శకునికి అన్నింటికంటె ముఖ్యమైన గ్రంథము వేరొకటి. 1932లో గ్రీగ్ ‘దె ఉంగె దేదె’, అనగా ‘యువమృతులు’ అను వ్యాససంపుటిని ప్రకటించెను. అందు ఆరుగురు ఆంగ్లకవులను తీసికొనెను. కీట్సు, షెల్లీ, బైరను ఒక తరమువారు. రూపర్ట్ బ్రూక్, చార్ల్స్ సోర్లీ, విల్ఫ్రెడ్ ఓవెన్ మొదటి ప్రపంచయుద్ధమున పోయినవారు. నూరేండ్ల ఎడముగల రెండు గుంపులను ఒక్క అట్టలోపల కూర్చుటయే ఈ గ్రంథములోని విమర్శ. క్షయచేత పోయినవానిని, సముద్రమున మునిగినవానిని, జ్వరముచేత పోయినవానిని తుపాకిగుండ్లకు కూలినవారిసరసన నిలుపుటతో, యుద్ధమరణమునకు సాధారణముగా కట్టు ప్రత్యేకపీఠము కొంత క్రిందికి దిగినది. కవి పోవుట నష్టము. ఏ పేర పోయెననునది ఆ తరువాతి విషయము.

ఆ ఆరుగురి చావులను వరుసగా పెట్టి చూచిన మరొక విశేషము కనబడును. కీట్సు రోములో పోయెను, షెల్లీ ఇటలీతీరమున, బైరను గ్రీసుదేశపు మిస్సొలొంఘియందు. బ్రూక్ ఈజియను సముద్రమున నొక ఓడలో, సోర్లీయును ఓవెనును ఫ్రాన్సు నేలపైన. ఒక్కడును స్వదేశమున కన్ను మూయలేదు. ఈ వరుసకు పదునొకండేండ్ల తరువాత ఏడవవాడుగా చేరినవాడు ఆ పుస్తకమును వ్రాసినవాడే. యువకులనుటకు నలువదియొకటి ఎక్కువయే. కాని పరదేశమున, పరుల విమానమున, పగవాని రాజధానికడ పోవుట ఆ వరుసకు తప్పక సరిపోవును.

వీరిలో ఓవెన్ కథ ఇచ్చట ప్రత్యేకముగా పనికివచ్చును. యుద్ధమునందలి జాలియే తన కవిత్వమని నమ్మినవాడతడు. అయినను 1918 అక్టోబరులో శత్రువుల మరతుపాకిని పట్టుకొని వారిపైననే ప్రయోగించినందుకు సైనికపతకము నొందినవాడును అతడే. నవంబరు 4న, యుద్ధము ముగియుటకు ఒక వారము ముందు, కాలువ దాటించుచు కూలెను. జాలిని పాడినవాడే చంపుట ఎట్లు? ఈ ప్రశ్న గ్రీగ్ ఎన్నుకొన్న ఆరుగురిలోనే యున్నది; 1943లో ఆకసమున క్రొత్తగా పుట్టినది కాదు. బ్రూక్ యుద్ధము నింకను సరిగా చూడక మునుపే దానిని పవిత్రస్నానముగా భావించి పోయెను. సోర్లీ ఇరువదియేండ్లవాడయ్యును ఆ ధోరణిని నమ్మలేదు. ఈ ముగ్గురి నడుమ గ్రీగ్ కవిత్వము జీవితాంతము ఊగుచునే యుండెను. అతని నాదము బ్రూక్‌ది, ఎరుక ఓవెన్‌ది. ఈ రెండును అతనియందు పూర్తిగా కలిసిన పద్యములు కొలదియే.

ఆ కొలదిలో నొకటి ‘తిల్ ఉంగ్‌డొమ్మెన్’, ‘యువజనులకు’. 1936లో నార్వే విద్యార్థిసంఘము కొరకు వ్రాయబడినది. స్పెయినుదేశమున అంతర్యుద్ధము మొదలైన సంవత్సరమది. చుట్టును శత్రువులు క్రమ్మియుండగా యువకుడు భయముతో అడుగు ప్రశ్నతో పద్యము మొదలగును: నా చేత ఆయుధమేది? కవి చూపు ఆయుధము జీవితముపై విశ్వాసము, మానవుని విలువ. నార్వేజియను పద్యమున చరణములు మిక్కిలి పొట్టివి. ఒక్కొక్క పంక్తి సుత్తిదెబ్బవలె పడి ఆగును. ఫిరంగిగుండ్లు కర్మాగారమున పట్టాపై చప్పుడు లేక జారిపోవుచుండుటను కవి చూపి, వానిని ఆత్మబలముతో ఆపుమనును. కట్టని విద్యుత్కేంద్రములు, కనుగొనని నక్షత్రములు మిగిలియున్నవని, వానికి చావనీయక కాపాడిన మెదళ్లు కావలెనని చెప్పును. తుదకు, సౌందర్యమును, వెచ్చదనమును చేతులలో బిడ్డను మోయునంత జాగ్రత్తగా మోయుదుమను ప్రతిజ్ఞతో ముగియును.

ఈ పద్యమున ఒక పదమునకు స్థానమున్నది, మరొకదానికి లేదు. అవసరమైనచో చావుమని కవి యువకునకు చెప్పును. చంపుమని యెచ్చటను చెప్పడు, చంపవద్దనియు చెప్పడు. గుండ్లను ఆపవలసినది ఆత్మబలముతో. ఆ ఆత్మబలము పట్టాను నిలుపు చేయిగా మారునప్పుడు ఆ చేతిలో నేముండునో పద్యము పలుకదు. ఇది కవి మోసము కాదు. అది 1936, ఫాసిజమును ఎదిరించుట యనిన ఏమి చేయవలసివచ్చునో ఐరోపాలో చాలమందికి అప్పటికింకను పూర్తిగా తెలియదు. కాని పద్యమున ఒక ఖాళీ యున్నదని విమర్శకుడు ఒప్పుకొనవలెను. పద్యమునకు అంతటి తేజస్సు వచ్చుటకు ఆ ఖాళీయే కొంత కారణము. తన చావును మాత్రమే తలపెట్టువాని మాటకు సహజముగా వచ్చు పవిత్రత అది.

1940 ఏప్రిలులో జర్మనులు నార్వేపై పడిరి. నార్వే జాతీయబ్యాంకునకు చెందిన దాదాపు 50 టన్నుల బంగారమును శత్రువుల చేతికి చిక్కనీయక ఉత్తరమునకు, అచ్చటినుండి సముద్రము దాటించి ఇంగ్లండునకు చేర్చినవారిలో కావలిసైనికుడుగా గ్రీగ్ ఉండెను. ఆ సంవత్సరపు మే 17న, 1814లో రాజ్యాంగము వ్రాసుకొన్న ఐడ్స్‌వోల్ గ్రామము పరుల వశమైయుండగా, అచ్చట జెండాలేక నిలిచిన కఱ్ఱను గూర్చిన పద్యమును ఉత్తర నార్వేనుండి రేడియోలో చదివెను. పిమ్మట ఇంగ్లండున సైన్యమున చేరి, దూరదూరపు స్థావరములను, నౌకలను దర్శించుచు వ్రాసెను. అతని యుద్ధపద్యముల సంపుటి ‘స్వాతంత్ర్యము’ 1943లో అచ్చైన చోటు నార్వే కాదు. ఐస్‌లాండు రాజధాని రేక్యావిక్. స్వదేశమున ఆ పద్యములు చాటుగా చేతులు మారెను. భాష ఒకచోట, అచ్చుకూటము ఒకచోట, చదువరి మరొకచోట నుండుట యెట్టిదో పుట్టిననేలకు వెలుపల భాషను నిలుపుకొన్నవారికి వివరింప నక్కఱలేదు. ప్రవాసమున మాతృభాషకు ఒక విధమైన గాంభీర్యము అబ్బును. నిత్యవ్యవహారపు సడలింపు తగ్గిపోవును. గ్రీగ్ యుద్ధపద్యములలో కొన్నిచోట్ల కనబడు బిగువును, కొన్నిచోట్ల విసుగు పుట్టించు ఉపన్యాసపు స్వరమును రెండును అందుండియే వచ్చినవి.

ఆ కాలపు పద్యములలో ‘శ్రేష్ఠులు’ అనునది ‘యువమృతులు’ గ్రంథమునకు పద్యరూపపు ఉత్తరమువంటిది. చెరసాలలలో, గుండ్లకు, సముద్రములో పోవువారు మంచివారేయని, అట్టివారు రేపటిదినమునకు మిగులరని పద్యము మొదట వాపోవును. నడిమిలో త్రిప్పుకొని, ఇట్లు ఏడ్చుటయే వారికి ద్రోహమని, మిగిలినవారి ధైర్యమున వారు బ్రదుకుదురని ఓదార్చును. యుద్ధమధ్యమున ప్రజలకు చెప్పవలసినది ఆ రెండవ మాటయే కావచ్చును. అయినను పద్యముగా మొదటి సగమే గట్టిది. అందు కవి తాను చూచినది చెప్పెను. రెండవసగమున తాను కోరినది చెప్పెను. వినువారి అవసరమునకై తన దుఃఖమును మధ్యలో ఆపివేసిన కవిని తప్పుపట్టుట కష్టము. కాని ఆపినచోటు వినబడుచునే యుండును.

ఇక ఆ రాత్రి. బ్రిటిషువారు బెర్లిన్ పైకి వరుసదాడులు మొదలుపెట్టి అప్పటికి రెండు వారములైనది. ఆ రాత్రి మొత్తము 458 విమానములు బయలుదేరెను, 40 పోయెను. గాలిని గూర్చిన ముందస్తు అంచనా తప్పుటచేత విమానములు దారిలో చెదరిపోయెను. గమ్యము బెర్లినేయని జర్మనులు 19 నిమిషములు ముందుగనే గుర్తించి, రాత్రి వేట విమానములను నగరముపై సిద్ధముగా నుంచిరి. బాంబులలో చాలభాగము నగరపు దక్షిణభాగములందును, ఆ వెలుపలి పొలములందును చెల్లాచెదరుగా పడెను. గ్రీగ్ ఉన్న విమానము నైరుతిదిక్కున క్లైన్‌మాఖ్నో వద్ద కూలెను. ఎనమండుగురును పోయిరి.

రాత్రిదాడిలో విమానము కూలుట యొక విచిత్రమైన మరణము. పక్కనున్న విమానమువానికి చీకటిలో ఒక మంట మాత్రమే కనబడును; అది ఎవరిదో తెలియదు. క్రిందనున్నవాడు శత్రువు. విమానాశ్రయమున చూచుచున్నవారికి కనబడునది రాని విమానము, నల్లబల్లపై సమయము వ్రాయని గడి, పరచియుండియు ఎవరును పండుకొనని మంచము. ఇంటికి వచ్చు తంతిలో ‘కానరాలేదు’ అను మాట. బ్రిటిషు బాంబరు దళమున యుద్ధకాలమంతటిలో 55,573 మంది ఇట్లు పోయిరి. పనిచేసిన లక్షా ఇరువదియైదువేలలో ఇది నూటికి నలువదికి మించిన లెక్క. యుద్ధసాహిత్యమున కత్తియుద్ధమునకు సాక్షి కలడు, కందకములలోని పోరునకు సాక్షి కలడు. ఓవెన్ కవిత్వమంతయు సాక్ష్యమే. ఈ చావునకు లోపలి సాక్షి బ్రదుకడు. ఆ కొఱతను తీర్చుటకే కవిని వెంట పంపినట్లైనది, అతడును రాలేదు.

అదే రాత్రి అదే నగరముపైకి వేరొక లాంకాస్టరులో పోయి తిరిగివచ్చినవాడు అమెరికా రేడియో విలేకరి ఎడ్వర్డ్ మర్రో. మరునాడు అతడు చేసిన ప్రసంగము ఇంగ్లీషు వచనమున యుద్ధవార్తారచనకు మేలుబంతిగా నిలిచినది. ఆస్ట్రేలియా విలేకరి నార్మన్ స్టాక్టన్ కూడ ఆ రాత్రి 460వ దళపు మరొక విమానములో పోయి మరణించెను. అమెరికనుడు లోవెల్ బెనెట్ కూలుచున్న విమానమునుండి దూకి బందీయై, పిమ్మట ఆ కథను గ్రంథముగా వ్రాసెను. మర్రో తన ప్రసంగపు చివర, వార్త పంపలేకపోయిన తోటివిలేకరి పక్షమున మిగిలినవారు పంపుట తమ వృత్తిలో ఆచారమని, తాను చేసిన ప్రయత్నము అదియేనని చెప్పెను. కావున ఆ ప్రసంగము ఒక విధముగా గ్రీగ్ వ్రాయవలసిన వ్యాసమే. వేరొక భాషలో, వేరొక కంఠమున వెలువడినది.

ఆ ప్రసంగపు అలంకారములను విమర్శకుడు అనుమానముతోనే చూడవలెను. నల్లని మకమలుపై గుప్పెడు తెల్లని బియ్యము చల్లినట్లు నిప్పుబాంబులు కనబడెనని మర్రో వర్ణించెను. నాలుగువేల పౌనుల బాంబులు పిచ్చిపట్టిన ప్రొద్దుతిరుగుడు పూలవలె విప్పుకొనెననెను. చల్లిన బియ్యమనిన తెలుగు చదువరికి అక్షతలో, అపరకర్మయో స్ఫురించును. ఆ రెంటిలో రెండవదే ఇచ్చట సత్యము. ఇంతయెత్తునుండి చూచినప్పుడు కాలు పట్టణము అందముగా నుండును. ఆ యందమే ఆ పనిని సాధ్యము చేయునది. మర్రో గొప్పతనము దీనిని తెలిసియుండుట. ఆకసమున చచ్చువారిని, అదే క్షణమున నేలమాళిగలలో సజీవముగా కాలువారిని అతడు విడదీయక ఒక్క వాక్యమున చెప్పెను. గ్రీగ్ ‘యువజనులకు’ పద్యమున ఖాళీగా విడిచిన స్థలమున పెట్టవలసిన వాక్యమిది.

మహాభారతమునెరిగినవారికి ఇట్టి రెండువైపుల దుఃఖము క్రొత్త కాదు. ద్రోణపర్వమున దివిటీల వెలుగులో సాగిన రాత్రియుద్ధమున ఘటోత్కచుడు ఆకసమునుండి పోరి, కర్ణుని శక్తికి గురియై, పడునప్పుడు శరీరమును పెంచి కౌరవుల అక్షౌహిణిని నలిపి చచ్చును. పాండవులు ఏడ్చుచుండగా కృష్ణుడు సంతోషించును. పడినవాడు ఒకరికి బిడ్డ. అతనిక్రింద పడి చచ్చినవారు వేరొకరి బిడ్డలు. దూరముననుండి లెక్క చూచువానికి లాభము. ఆ మూడు చూపులను ఒక్కచోట నుంచి, ఏ ఒక్కదానిని తుడిచివేయకుండుట కవిధర్మమని తిక్కన చదువరులకు తెలియును. గ్రీగ్‌నకు మొదటి చూపు పూర్తిగా అబ్బినది. మాస్కో విచారణలనాడు మూడవదానికి లోబడెను. రెండవదానిని వ్రాయుటకు అవకాశమిచ్చెడి రాత్రియే అతనిని మ్రింగినది. కావున అతడు అవకాశవాది యనుటయు, ఆత్మవంచకుడనుటయు న్యాయము కాదు. సురక్షితమైన గదిలోనుండి బాంబుదాడులను మెచ్చుకొనినవారు ఆనాడు మిక్కుటముగా నుండిరి. గ్రీగ్ ఆ పనిని చూడనిదే వ్రాయరాదని విమానమెక్కినవాడు. చూచుటకై చెల్లించిన వెల చూచినదానిని సమర్థింపదు. కాని చూడక పాడినవారినుండి అతనిని వేరుచేయును.

సాహిత్యచరిత్రలు ఆ విమానమును ‘గ్రీగ్ విమాన’ మనుట అలవాటు. నిజమునకు అతడందు ఎనిమిదవవాడు, ఒక్క రాత్రి అతిథి. తక్కిన ఏడుగురు దినదినము ఆ పని చేయువారు. ముప్పది దాడులు పూర్తిచేసినగాని వారికి విశ్రాంతి లేదు. ‘యువమృతులు’ అను బిరుదము వారికే ఎక్కువ తగును. వారిని ‘సిబ్బంది’ యను నొక్క మాటతో ముగించుట కవులయెడ భక్తిచేత విమర్శకులు చేయు చిన్నపాటి అన్యాయము. గ్రీగ్ స్వయముగా కళాసుల పక్షమున నాటకము వ్రాసినవాడగుటచేత ఇది మరింత ఎబ్బెట్టు.

గ్రీగ్ యుద్ధవ్యాసములు ‘జెండా’ యను పేర 1945లోను, మిగిలిన పద్యములు ‘ఆశ’ యను పేర 1946లోను వెలువడెను. 1952లో డెన్మార్కు సంగీతకర్త ఒట్టో మోర్టెన్సెన్ ‘యువజనులకు’ పద్యమునకు స్వరము కట్టెను. కట్టినది నడకపాట కాదు; నెమ్మదిగా, ప్రార్థనవలె సాగునది. ఆ స్వరముతో పద్యపు స్వభావమే కొంత మారినది. సుత్తిదెబ్బలు మెత్తబడి, బిడ్డను మోయు చివరి చిత్రమే మొదటినుండియు వినబడసాగెను. సంగీతము కవికంటె మంచి విమర్శకుడైన సందర్భమిది.

2011 జూలై 22న ఓస్లో నగరమున బాంబు ప్రేలి ఎనమండుగురు, ఉటోయా దీవిలో యువజన రాజకీయశిబిరమున తుపాకికి 69 మంది, ఒక్క దుర్మార్గుని చేత చంపబడిరి. దీవిలో పోయినవారిలో చాలమంది ఇరువదేండ్లు నిండనివారు. వారి చేత ఆయుధము లేదు. ఆ తరువాతి సంతాపసభలలో నార్వే ప్రజలు పాడినది ‘యువజనులకు’. చావుమని చెప్పి చంపుమని చెప్పని పద్యము, వ్రాసినవానికంటె ఎక్కువగా ఆ పిల్లలకు సరిపోయెను. 1936లో విద్యార్థులకొరకు వ్రాసిన ఆ చరణములను, చేతులలో గులాబీలు పట్టుకొని నిలిచిన జనము నెమ్మదిగా పాడెను.